పాత విక్టోరియన్ ఇంటికి వీధి తలుపు మార్చాలి, సలహా కావాలి

రెడింగ్ నుంచి:

అందరికీ నమస్కారం. కిందటి నెల ఇక్కడ ఒక టెర్రేస్ ఇల్లు (పక్కిళ్ళతో గోడలు కలిసిన వరస ఇల్లు) కొన్నాం. 1890ల నాటిదని సర్వే రిపోర్టులో రాశారు. ఎర్ర ఇటుక గోడ, మధ్యమధ్యలో బూడిద రంగు ఇటుకలు ముగ్గు వేసినట్టు పేర్చి ఉన్నాయి. వీధి తలుపు మాత్రం బాగా పాతది. కింద చెక్క మెత్తబడింది, గాలి వీస్తే హాల్లో కర్టెన్ ఊగుతోంది. ఒక కంపెనీ వాళ్ళు వచ్చి చూసి, ఫ్రేముతో సహా తీసేసి కాంపోజిట్ తలుపు (ఫైబర్‌గ్లాస్ పొర వేసిన రెక్క, ప్లాస్టిక్ ఫ్రేము) పెడతామన్నారు. ఈ శుక్రవారంలోగా సంతకం చేస్తే డిస్కౌంట్ అట. మేం ఇంగ్లండ్ వచ్చి రెండేళ్ళే, ఇలాంటివి తెలియవు. నా ప్రశ్న ఒకటే: ముదురు బూడిద రంగు బాగుంటుందా, నలుపా?

హారో నుంచి:

తమ్ముడూ, రంగు తర్వాత. ముందు శుక్రవారం సంగతి మర్చిపో. ఈ వారం ఇచ్చే ధర వచ్చే వారమూ ఇస్తారు. నేను ఇరవై రెండేళ్ళుగా ఇక్కడున్నాను, మూడు ఇళ్ళకు తలుపులు మార్పించాను.

కొటేషన్‌లో తలుపు రెక్క కొలత ఎంత రాశారో చూడు. ఇప్పుడు షాపుల్లో మామూలుగా దొరికే రెక్క 1981 మిల్లీమీటర్ల ఎత్తు, 762 లేదా 838 వెడల్పు. పాత ఇళ్ళ గుమ్మాలు అంతకంటే పెద్దవి ఉంటాయి. పైగా ప్లాస్టిక్ ఫ్రేము ముఖం పాత చెక్క ద్వారబంధం కంటే లావు. రెండు పక్కలా అది తినేస్తే దారి సన్నబడుతుంది. మా రెండో ఇంట్లో అలాగే అయింది. తలుపు పెట్టిన మర్నాడు వాషింగ్ మెషీన్ వచ్చింది. హాల్లోకి పట్టలేదు, వెనక సందులోంచి మోసుకొచ్చాం.

ఇంకో మాట. కేటలాగులో అర్ధచంద్రాకారపు అద్దం తలుపులోనే బిగించిన ఆరు పలకల మోడల్ ఉంటుంది. అది చూసి మోజు పడకు. ఆ అర్ధచంద్రం జార్జియన్ ఇళ్ళలో తలుపు మీద విడిగా ఉండే అద్దానికి నకలు. మీ కాలపు ఇంటికి నాలుగు పలకల తలుపే అందం, పైన రెండు సన్నగా పొడుగ్గా, కింద రెండు పొట్టిగా. పై రెండింటికీ అద్దం పెట్టుకోవచ్చు.

సంతకం చేసినా భయం లేదులే, ఇంట్లో కూర్చుని చేసిన ఒప్పందం పద్నాలుగు రోజుల్లో రద్దు చేసుకోవచ్చు.

క్రాయిడన్ నుంచి:

హారో అన్నయ్యగారూ, ఆ చివరి మాట దయచేసి వెనక్కి తీసుకోండి. పద్నాలుగు రోజుల గడువు 2013 వినియోగదారుల ఒప్పందాల నిబంధనల్లో ఉంది, కానీ మన కొలతలకు ప్రత్యేకంగా చేయించే సరుకుకు అది వర్తించదు. వీధి తలుపంటే సాధారణంగా కొలిచి చేయించేదే. ఈ మాట నమ్మి సంతకం పెట్టినవాళ్ళు నాకు తెలుసు. ఎలాగూ కడితే అడ్వాన్సులో కొంతైనా క్రెడిట్ కార్డు మీద కట్టండి. వస్తువు ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, కంపెనీ మాట తప్పినప్పుడు 1974 కన్జ్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద బ్యాంకును అడగవచ్చు.

లెస్టర్ నుంచి:

రెడింగ్ తమ్ముడికి. నువ్వు అడగని ప్రశ్న ఒకటి నేను చెబుతాను, ఎందుకంటే మేము అడక్క నష్టపోయాం. మీ వీధి కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత రూపం కాపాడాలని కౌన్సిల్ గుర్తించిన ప్రాంతంలో, ఉందా? ఆర్టికల్ 4 డైరెక్షన్, అంటే మామూలుగా పర్మిషన్ అక్కర్లేని పనులకూ పర్మిషన్ కావాలనే ఆర్డరు, ఉందా?

మేము ఇక్కడికి రాకముందు వేరే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇలాంటిదే ఇల్లు, వరసలో చివరిది. సేల్స్ అతను సోఫాలో కూర్చుని టీ తాగుతూ "పర్మిషన్ ఏమీ అక్కర్లేదు మేడమ్, ఈ వీధిలో మేమే మూడు పెట్టాం" అన్నాడు. మా వారు నమ్మారు, నేనూ నమ్మాను. ఇద్దరు కుర్రాళ్ళు ఉదయం ఎనిమిదికి వచ్చి పదకొండుకల్లా పాత తలుపు, ద్వారబంధం, పైన మా ఇంటి నంబరు బంగారు అంకెలతో రాసిన అద్దం, అన్నీ పీకి స్కిప్‌లో (చెత్త వేసే పెద్ద ఇనప తొట్టి) పడేశారు. ఆ అద్దం పగిలిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మధ్యాహ్నానికి నిగనిగలాడే కొత్త తలుపు. సంతోషంగా ఫొటో తీసి అమ్మకు పంపాను.

నాలుగు నెలలకు కౌన్సిల్ నుంచి ఉత్తరం. ఆ వీధిలో వీధివైపు తలుపులు, కిటికీలు మార్చాలంటే ప్లానింగ్ పర్మిషన్ కావాలట. పని అయిపోయాక అప్పుడు అప్లై చేశాం, కాదన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే, పర్మిషన్ చూసుకోవాల్సిన బాధ్యత కస్టమర్‌దేనని ఒప్పందం వెనక చిన్న అక్షరాల్లో ఉందన్నారు. చూస్తే నిజంగానే ఉంది. ఆ రాత్రి మా వారు అన్నం తినలేదు.

చివరికి పాత ఇళ్ళ సామాన్లు అమ్మే యార్డులన్నీ తిరిగాం. నాలుగో చోట దొరికింది, నాలుగు పలకల పైన్ తలుపు, 180 పౌండ్లు. కొత్తగా ద్వారబంధం చేయించడానికి దానికి ఆరింతలైంది. కాంపోజిట్ తలుపుకు పెట్టిన డబ్బు మొత్తం పోయింది. అందుకే చెబుతున్నాను, మాట మీద నమ్మకు. కౌన్సిల్ ప్లానింగ్ వాళ్ళకు ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తెప్పించుకో.

స్లౌ నుంచి:

అక్కా, బాధగానే ఉంది కానీ మరీ భయపెట్టకండి. కన్జర్వేషన్ ఏరియా అయినంత మాత్రాన సొంత ఇంటికి తలుపు మార్చకూడదని లేదు. ఆర్టికల్ 4 ఉంటేనే చిక్కు. ఇక ఫ్లాట్ అయితే సంగతి వేరు, లీజు కూడా చూడాలి. అయినా నాలుగేళ్ళు ఎవరూ పట్టించుకోకపోతే తర్వాత కౌన్సిల్ ఏమీ చేయలేదు.

క్రాయిడన్ నుంచి:

నాలుగేళ్ళన్నది పాత లెక్క. ఇంగ్లండ్‌లో 2024 ఏప్రిల్ 25 నుంచి పదేళ్ళు చేశారు. ఆ తేదీకి ముందే పూర్తయిన పనులకే నాలుగేళ్ళు. లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రక కట్టడంగా చట్టం కాపాడే ఇల్లు) అయితే గడువే లేదు, అనుమతి లేకుండా ముట్టుకుంటే అది నేరం. కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పేటప్పుడు సరిచూసుకుని చెబుదాం.

స్లౌ నుంచి:

సరే, పదేళ్ళు. ఒప్పుకుంటున్నాను. కానీ ఫెన్సా సర్టిఫికెట్ (కిటికీలు, తలుపులు నిబంధనల ప్రకారం పెట్టారని ఇచ్చే కాగితం) లేకపోతే ఇల్లు అమ్మేటప్పుడు సొలిసిటర్ ఆపేస్తాడన్నది మాత్రం నా స్వానుభవం.

క్రాయిడన్ నుంచి:

అది సగం నిజం. ఫ్రేముతో సహా మారిస్తే బిల్డింగ్ రెగ్యులేషన్స్ కిందికి వస్తుంది. 2022 జూన్ 15 నుంచి యు-వాల్యూ (తలుపులోంచి వేడి ఎంత బయటికి పోతుందో చెప్పే అంకె) 1.4 దాటకూడదు. ఇన్‌స్టాలర్ అలాంటి స్కీములో ఉంటే తనే సర్టిఫికెట్ ఇస్తాడు, లేకపోతే కౌన్సిల్‌లో ఈ నిబంధనలు చూసే బిల్డింగ్ కంట్రోల్‌కు చెప్పాలి. పాత ద్వారబంధం ఉంచి రెక్క ఒక్కటే మారిస్తే ఆ లెక్కలోకి రాదు. రెడింగ్ తమ్ముడికి పనికొచ్చేది ఇదే. ద్వారబంధం గట్టిగా ఉంటే దాన్ని ఎందుకు పీకించాలి?

హౌన్స్లో నుంచి:

ఇంతమంది ఇన్ని చెప్పారు, గడప గురించి ఒక్కరూ అనలేదు. కాంపోజిట్ తలుపుతో వచ్చే గడప అల్యూమినియం పట్టీ. మాకు కింద తెల్ల ప్లాస్టిక్ కూడా వచ్చింది. శ్రావణ శుక్రవారం పసుపు రాశాను, మరక అలాగే ఉండిపోయింది. ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది, కానీ మాది ఉత్తరపు గుమ్మం. రెండేళ్ళయినా లేత పసుపు చార కనిపిస్తూనే ఉంది. పాత చెక్క గడప ఉంటే వదులుకోకమ్మా. తోరణం కోసం ప్లాస్టిక్ ఫ్రేముకు స్క్రూలు కొట్టకండి, లోపలికి నీళ్ళు దిగుతాయి, వారంటీ పోతుంది. పైన ఇటుకకు ఇటుకకు మధ్య సున్నంలో రెండు చిన్న కొక్కాలు చాలు.

హారో నుంచి:

గుమ్మం ఏ దిక్కో కూడా చెప్పు తమ్ముడూ. దక్షిణమైతే ఈ సందర్భంలోనే సిద్ధాంతిగారిని అడిగి…

లెస్టర్ నుంచి:

అన్నయ్యగారూ, టెర్రేస్ ఇంటికి రెండు పక్కలా ఇళ్ళే. గుమ్మం ఎక్కడికి జరుపుతాడు? కొన్న ఇంట్లో పిల్లలతో సుఖంగా ఉండనివ్వండి.

హారో నుంచి:

నమ్మకం ఉన్నవాళ్ళ కోసం చెప్పానమ్మా. దక్షిణమైతే ఇంకో కారణం కూడా ఉంది. ముదురు రంగు కాంపోజిట్ తలుపు ఎండకు కాగి మధ్యలో వంగుతుంది, అప్పుడు తాళం పడదు. చెక్కయితే చిత్రిక పట్టుకోవచ్చు, కాంపోజిట్‌ను చిత్రిక పట్టలేం.

బ్రిస్టల్ నుంచి:

మా నాన్నగారిది వడ్రంగి పని, తెనాలి దగ్గర. ఆ చేతి పని నాకూ కొంత వచ్చు. తమ్ముడూ, ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని తలుపు కింది పట్టీని, ద్వారబంధం రెండు కాళ్ళనూ నేల దగ్గర పొడిచి చూడు. మెత్తగా ఎంతవరకు దిగుతుందో అంతవరకే చెడింది. సాధారణంగా కింది పట్టీ ఒక్కటే పోతుంది, ఎందుకంటే తలుపు అడుగు అంచుకు ఎవరూ రంగు వేయరు. రెక్క దింపకపోతే బ్రష్ అక్కడికి చేరదు. వాన నీళ్ళు ఆ అంచు నుంచే పైకి పీల్చుకుంటుంది. చెడిన ముక్క కోసి మంచి చెక్క అతికితే ఇంకో ముప్పై ఏళ్ళు నిలుస్తుంది. పైన, కింద, నాలుగు అంచులకూ రంగు వేయించు. గాలికి చుట్టూ సీలు, లెటర్‌బాక్సుకు బ్రష్, తాళం రంధ్రానికి మూత. తాళం బ్రిటిష్ స్టాండర్డ్ బీఎస్ 3621 గుర్తున్న ఐదు లీవర్లది పెట్టించు, ఇన్సూరెన్స్ వాళ్ళు చాలామంది అడిగేది అదే.

ఒక జాగ్రత్త. ఆ కాలపు రంగుల్లో సీసం ఉంటుంది. పొడిగా గీకవద్దు, మంటతో కాల్చవద్దు, పిల్లల్ని దగ్గరికి రానీయవద్దు. తడిపి గీకాలి.

రెడింగ్ నుంచి:

అందరికీ చాలా చాలా థాంక్స్. శుక్రవారం సంతకం చేయలేదు. సోమవారం ఫోన్ చేసి అదే ధరకు ఇస్తామన్నారు, హారో అన్న చెప్పినట్టే. ప్లానింగ్ వాళ్ళకు ఈమెయిల్ పెట్టాను.

ఈ ఉదయం స్క్రూడ్రైవర్‌తో చూశాను. ద్వారబంధం రాయిలా ఉంది. తలుపు కింద మూడంగుళాలే మెత్తన. గడప కూడా చెక్కదే, పైన వేసిన లినోలియం ఎత్తితే బయటపడింది. మా ఆవిడ అప్పుడే తుడిచి పసుపు కూడా రాసింది.

రంగు సంగతి. లెటర్‌బాక్సు కింద అర అంగుళం మేర తడిపి నెమ్మదిగా గీకాను. తెలుపు, దాని కింద నీలం, దాని కింద ముదురు ఆకుపచ్చ, అన్నిటికంటే అడుగున టేకు చారల్లా గీసిన గోధుమ రంగు. బూడిద, నలుపు ఎక్కడా లేవు. ఆకుపచ్చే వేయిద్దామని ఇంట్లో అనుకున్నాం. వడ్రంగి మంగళవారం వస్తున్నాడు.