మూడు రోజులు నీళ్లు నిలిచిన అరటి తోట: యూరియా వేయాలా, ఆగాలా?

అడిగినవారు (కోనసీమ):
నల్లరేగడి చేను, ఎకరం. గ్రాండ్ నైన్ టిష్యూ కల్చర్ మొక్కలు, ఆరడుగుల దూరం, నాలుగో నెల. పక్కనే అర ఎకరంలో కర్పూర చక్కెరకేళి, గెలలు దిగి ఉన్నాయి. వరి చేల నీళ్లు పొంగి మూడు రోజులు మోకాలి లోతున నిలిచి నిన్నటికి తీశాయి. కింది ఆకులు పసుపెక్కాయి. ఎండ కాయగానే చెట్టు వడలిపోతోంది. ఇంత తడిలో వడలడం ఏమిటో అర్థం కావట్లేదు. వెంటనే యూరియా వేయమని చెబుతున్నారు. వేయొచ్చాండీ?

లంకగట్టు:
ఇప్పుడు వద్దండీ. నీరు లేక కాదు, నీరు తాగే వేరు లేక చెట్టు వడలుతోంది. అరటి వేళ్లలో ఎక్కువ భాగం పై అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. నిలవ నీటిలో గాలి అందక ఒకటి రెండు రోజుల్లోనే వేరు చివరలు చావడం మొదలవుతుంది. పారే నీరైతే కొంత నయం. ఎండకు కాగిన నిలవ నీరు అన్నిటికన్నా చెడ్డది. ఈ స్థితిలో వేసిన యూరియాను తీసుకునే వేరు ఉండదు, సగం నీటితో పోతుంది, సగం గాలిలో కలుస్తుంది.

ముందు వేరు చూడండి. మొదలుకు అడుగు దూరంలో పారతో మెల్లగా మట్టి తీసి నాలుగైదు వేళ్లు బయటికి లాగండి. గోటితో గీరితే లోపల తెల్లగా, గట్టిగా ఉన్నది బతికిన వేరు. పై తొక్క తొడుగులా ఊడొచ్చి లోపల నల్లని నార మిగిలితే, మురుగు వాసన కొడితే, అది చచ్చింది. పల్లంలో ఐదు చెట్లు, మెరకలో ఐదు చెట్లు చూడండి. సగం వేళ్లు తెల్లగా ఉంటే తోట తేరుకుంటుంది.

మొవ్వ కూడా చూడాలి. మనం కాండం అనుకునేది ఆకు తొడుగుల చుట్ట మాత్రమే. పెరిగే మొన దుంప మీద, నేల మట్టానే ఉంటుంది, పూత కట్టే దశ వచ్చాకే పైకి లేస్తుంది. అంటే మీ నాలుగు నెలల చెట్లకు అది మూడు రోజులూ నీటి కిందే ఉంది. మొవ్వ ఆకు పట్టి మెత్తగా లాగండి. ఊడి చేతికొచ్చి వాసన కొడితే ఆ చెట్టు మీద ఇక ఖర్చు పెట్టకండి. నేల మట్టానికి నరికి, పక్కన సూది పిలక (సన్నని కత్తుల్లాంటి ఆకులున్న పిలక) ఉంటే ఒక్కటే ఉంచండి. వెడల్పాకు పిలకను ఉంచొద్దు, దానికి దుంప బలం ఉండదు.

మడిచెక్క:
పైన నీరు కనిపించకపోయినా రేగడిలో అడుగున నీరు ఉంటుంది. గునపంతో రెండడుగుల గుంట తీసి గంట ఆగండి. అడుగు లోపలే నీరు ఊరితే పని పూర్తి కానట్టే. ప్రతి రెండు వరుసలకు ఒక కాలువ, రెండడుగుల లోతు, అడుగున్నర వెడల్పు, వరుసల నడిమధ్యన తీయండి. మొదలుకు దగ్గరగా తవ్వితే మిగిలిన మంచి వేళ్లే తెగుతాయి. తీసిన మట్టిని ఇప్పుడే మొదలుకు ఎగదోయకండి. బురద మట్టి గట్టిపడి ఉన్న గాలి కూడా ఆపేస్తుంది. ఆరి పొడిబారాక ఎగదోయండి.

అసలు చిక్కు ఎక్కువసార్లు కాలువ చివర, అది ఊరి మురుగు డ్రెయిన్‌లో కలిసే చోట ఉంటుంది. డ్రెయిన్‌లో నీటి మట్టం మీ చేను కన్నా ఎత్తుగా ఉంటే కాలువలు నీటిని వెనక్కి తెస్తాయి. అప్పుడు చేను మూల గుంట తీసి, డ్రెయిన్ వైపు గట్టు కట్టి, ఇంజనుతో తోడడం తప్ప దారి లేదు. తోట పదునుకు వచ్చేదాకా మనుషుల్ని ఎక్కువ తిరగనివ్వకండి, తొక్కిన చోట నేల బిగుస్తుంది.

లంకగట్టు:
ఇక మందుల వరుస. ఆకుల మీద, మొవ్వలో ఒండ్రు ఉంటే ముందు మంచి నీటితో కడగండి. మర్నాడు 13-0-45 (పొటాషియం నైట్రేట్), లీటరుకు 5 గ్రాములు, జిగురు మందు కలిపి ఆకుల రెండు వైపులా పిచికారీ చేయండి. ఎకరానికి 200 లీటర్లకు కిలో సరిపోతుంది. వారం తేడాతో మూడుసార్లు. వేరు పనిచేయని రోజుల్లో చెట్టుకు అందే ఆహారం ఇదే.

నేల తొక్కితే కాలు దిగకుండా ఉన్న రోజున కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి మందు) లీటరుకు 3 గ్రాములు కలిపి, చెట్టుకు రెండు లీటర్ల చొప్పున మొదలు చుట్టూ పోయండి. ఆరడుగుల దూరాన ఎకరానికి 1,200 చెట్లు, అంటే 2,400 లీటర్ల ద్రావణం, ఏడు కిలోల పైన మందు. ఖర్చు అనిపిస్తే మెరకలో బాగున్నవి వదిలి పల్లం వరకే పోయండి. ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు చేసే బూజు) వేసే ఆలోచన ఉంటే కనీసం రెండు వారాలు ఆగాలి, రాగి మందు దాన్ని చంపేస్తుంది.

కొత్త తెల్ల వేర్లు కనిపించాకే యూరియా. చెట్టుకు 100 గ్రాముల యూరియా, 80 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ఎకరానికి సుమారు 120 కిలోల యూరియా, 96 కిలోల పొటాష్ అవుతుంది. మీవి లేత చెట్లు కాబట్టి రెండు దఫాలుగా, పదిహేను రోజుల తేడాతో వేయండి. మొదలుకు అడుగున్నర దూరంలో చుట్టూ చల్లి మట్టితో కప్పాలి. సముద్రపు ఉప్పు నీరు కలిసే చేలైతే మ్యూరేట్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయాలి. మ్యూరేట్‌లో ఉండే క్లోరైడ్ ఉప్పు మీద ఉప్పు అవుతుంది.

పచ్చిరొట్ట:
కర్పూర సంగతి వేరు. దిగిన గెల బరువు, చచ్చిన వేళ్లు, రెండూ కలిస్తే గాలి లేకపోయినా చెట్టు ఒరిగిపోతుంది. ఈ పూటే ఊతాలు పెట్టండి. రెండు వెదురు గెడలను కత్తెరలా కట్టి గెల మెడ కింద ఆనించండి, గెడ కాయకు రాసుకోకూడదు. మగ పువ్వు తీసేయండి. గెల కింది చిన్న అత్తాలు (కాయల వరుసలు) ఒకటో రెండో కోసేస్తే మిగిలినవి నిండుతాయి. చెట్టుకు ఆరేడు పచ్చని ఆకులుంటే గెల ఊరుతుంది. నాలుగు కన్నా తక్కువైతే ఊరుతుందని ఎదురుచూడకండి, ముప్పాతిక ముదిరిన గెలలను ముందే కోసి రావులపాలెం మార్కెట్‌కు పంపడం మేలు.

అడిగినవారు:
చూశానండీ. మెరకలో వేళ్లు తెల్లగానే ఉన్నాయి. పల్లంలో మూడు వంతులు నల్లబడ్డాయి. రెండు చెట్లను ఊపితే మొదట్లో విరిగి పడిపోయాయి, బాగా కంపు. ఇది పనామా తెగులా?

పచ్చిరొట్ట:
కాదు, అది దుంప కుళ్లు. పనామా అంటే నేలలోని బూజు వల్ల వచ్చే వడలు తెగులు, అందులో చెట్టు అలా మెత్తగా విరిగి కంపు కొట్టదు. మొదట ముదురు ఆకుల అంచు పసుపెక్కుతుంది, కాడ దగ్గర విరిగి కాండం చుట్టూ వేలాడుతుంది, కాండం మొదట్లో నిలువునా చీలుతుంది, కోస్తే లోపల ఎర్రటి గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. పల్లం అంతా ఒకేసారి పసుపెక్కడం మురుగు వల్ల. అక్కడొకటి ఇక్కడొకటి పసుపెక్కితే పనామాను అనుమానించాలి. అమృతపాణికి ఆ భయం ఎక్కువ, కర్పూర తట్టుకుంటుంది. గ్రాండ్ నైన్‌ను పట్టే కొత్త రకం పనామా బిహార్, ఉత్తరప్రదేశ్‌లలో ఉంది కాబట్టి అక్కడి నుంచి పిలకలు తెప్పించకండి.

పడిపోయిన రెండింటినీ దుంపతో సహా తవ్వి చేను బయటికి తీయండి. ఆ గుంటల్లో, చుట్టూ ఉన్న చెట్లకు రాగి మందు ద్రావణం పోయండి. తవ్విన గునపం కడగకుండా మంచి చెట్టు దగ్గరికి తీసుకెళ్లకండి.

రెండు వారాల తర్వాత ఆకుల మీద సన్నని పసుపు గీతలు వచ్చి గోధుమ రంగు మచ్చలైతే అది సిగటోకా అనే ఆకుమచ్చ తెగులు. మచ్చ పట్టిన భాగం కోసి తగలబెట్టి, ప్రొపికొనజోల్ లీటరుకు ఒక మిల్లీ, జిగురు మందుతో కొట్టండి.

మడిచెక్క:
పల్లంలో పోయిన చోట మళ్లీ గుంటలు తీసి నాటకండి. అడుగున్నర గుంట తీయడం గరప నేలకు సరే, నల్లరేగడిలో ఆ గుంట నీరు పట్టే కుండ అవుతుంది, పక్క నేల ఆరినా అందులో వేరు మునిగే ఉంటుంది. మూడడుగుల వెడల్పు, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు కట్టలు పోసి కట్ట మీద నాటండి. ఏడాదిలో కట్ట అణుగుతుంది, మూడో నెలలో ఒకసారి, ఐదో నెలలో ఒకసారి కాలువ మట్టి తీసి మళ్లీ పోస్తే కాలువా లోతుగా ఉంటుంది. పల్లం మరీ లోతైతే ఆ నాలుగు సెంట్లూ అరటికి వదిలేసి, తోట నీరంతా దిగే గుంటగా ఉంచుకోవడం నయం. ఇంజను గొట్టం పెట్టడానికి కూడా అదే చోటు పనికొస్తుంది.