మామిడి పూత మీద చలిచీమ, కుట్టని తేనెటీగ: తోటకు ఏది మేలు?

నూజివీడు తోట: పూత మీద చీమలు పారుతున్నాయి, మందు కొట్టాలా వద్దా అని మా ఊళ్లో పెద్ద గొడవ. చలిచీమ, కుట్టని తేనెటీగ రెండూ 5 మిల్లీమీటర్ల లోపే, రెండూ పువ్వు పువ్వూ తిరిగేవే, కాబట్టి చీమతో కూడా కాయ కడుతుందని ఒకాయన పట్టు. మీరేమంటారు?

బోటనీ మాస్టారు: సైజు ఒకటైతే పని ఒకటవుతుందా అండీ? ఈ తేనెటీగకు ఒంటినిండా పాయలు చీలిన సన్నటి నూగు, పుప్పొడి దానికి ఇట్టే అంటుకుంటుంది, రెక్కలున్నాయి కాబట్టి ఈ చెట్టుది ఆ చెట్టుకు చేరుతుంది. దసేరి లాంటి రకాలకు సొంత పుప్పొడితో కాయ సరిగా నిలవదు, వేరే రకం చెట్టుది అందాల్సిందే. చీమ ఒళ్లు నున్నన, కూలి చీమకు రెక్కల్లేవు. పైగా చాలా చీమలు బూజు, సూక్ష్మజీవులు పట్టకుండా ఒంటి గ్రంథుల నుంచి ఒక రసం వదులుతాయి, అది తగిలిన పుప్పొడి మొలకెత్తే శక్తి తగ్గిపోతుంది.

గోదావరి రైతు: చీమను మరీ అంత తీసిపారేయకండి మాస్టారూ. ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలను దక్షిణ చైనా నారింజ తోటల్లో వెయ్యేళ్లకు పైగా పురుగుల మీద కాపలా పెట్టారు. ఆ జాతి మన మామిడి చెట్ల మీదా ఉంది.

బోటనీ మాస్టారు: కాపలా సంగతి ఒప్పుకుంటాను, కానీ అవి పూల మీద కాపు కాస్తే తేనెటీగలు దగ్గరికి రావడానికి జంకుతాయి. అయినా ఇక్కడ అడిగింది చలిచీమ గురించి. అవి పూత మీద బారులు తీరాయంటే ముందు తేనెమంచు పురుగు ఉందేమో చూడండి, అది వదిలే తీపి జిగురు కోసం చీమలు ఎగబడతాయి. పూగుత్తిని తట్టండి, పురుగులుంటే టపటపా ఎగురుతాయి, కింది ఆకులు జిగటగా మెరుస్తుంటాయి. అది చూడకుండా చీమల మీద కోపంతో నిండు పూతలో మందు కొడితే పోయేది తేనెటీగలూ, పూల మీద వాలే ఈగలూ. మామిడికి ఆ ఈగలు కూడా చాలా ముఖ్యం, వాటినెవరూ తలుచుకోరు.

నూజివీడు తోట: సరే, మందు ఆపుతాను. మరి తేనెటీగల పెట్టెలోకి చీమలు దూరితే?

బోటనీ మాస్టారు: కుట్టని తేనెటీగలు గూటి ద్వారం దగ్గర చెట్టు బంక పూసి చీమలను అవే ఆపుకుంటాయి, ఆ జిగురును గీకేయకండి. మీ వంతుగా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, ఎండిపోకుండా చూసుకోండి.