పాత మ్యూజియం బిల్డింగ్‌కి సెంట్రల్ ఏసీ పెట్టాలా వద్దా? మెయింటెనెన్స్ చూసేవాళ్లు చెప్పండి

సున్నంగోడ:
హైదరాబాద్‌లో ఒక పాత మ్యూజియంలో మెయింటెనెన్స్ ఇంజనీర్‌ని, ఏదో చెప్పను. నిజాం కాలం బిల్డింగ్. రెండడుగుల పైన మందం ఉన్న సున్నం గోడలు, ఎత్తు సీలింగ్, మధ్యలో ఓపెన్ కోర్ట్‌యార్డ్, పైన మద్రాస్ టెర్రస్, అంటే టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి పైన ఇటుక ముక్కల సున్నం కాంక్రీట్ కొట్టింది. ఇప్పుడు మొత్తానికి చిల్లర్ (నీళ్లని చల్లబరిచి బిల్డింగంతా చల్లదనం పంపే పెద్ద మిషన్) పెట్టి సెంట్రల్ ఏసీ చేద్దామని ప్రపోజల్ వచ్చింది. కన్సల్టెంట్ టెంపరేచర్ 22, ఆర్‌హెచ్ (గాలిలో తేమ శాతం) 50 ప్లస్ ఆర్ మైనస్ 5 అని రాసేశాడు. నేను వద్దంటున్నా, మీటింగ్‌లో అందరూ నన్ను వింతగా చూశారు.

నా బాధ ఏంటంటే ఒక హాల్లో ఇప్పటికే స్ప్లిట్లు ఉన్నాయి, గ్యాలరీ తెరిచినప్పుడు ఆన్, మూసేటప్పుడు ఆఫ్, రాత్రి నడపడానికి పర్మిషన్ లేదు. టెంపరేచర్, తేమ రికార్డు చేసే డేటాలాగర్ నుంచి తేమ గ్రాఫ్ తీస్తే రంపం పళ్లలా ఉంది, పగలు 50, తెల్లారేసరికి 75, మళ్లీ పొద్దున్నే దబ్బున కిందికి. ఆ హాల్లో వెనక గోడ మీద చెయ్యి పెడితే తెల్లగా ఉప్పు పొడి అంటుతుంది, పెయింట్ బుడగలు బుడగలుగా లేచింది. ఏసీ లేని పక్క హాల్లో అదే వరస గోడ శుభ్రంగా ఉంది.

ఆగస్టులో బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి, డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ నీటిబొట్లుగా మారే టెంపరేచర్, 26 దగ్గర. లోపల 22కి చల్లబడిన గోడకో, అద్దానికో, కంచు విగ్రహానికో ఆ గాలి తగిలితే చెమ్మ పట్టకుండా ఉంటుందా? కోర్ట్‌యార్డ్ వైపు ఎన్ని తలుపులు ఉన్నాయో లెక్కే లేదు.

చిల్లర్ మూర్తి:
అన్నా, సగం రోజు నడిపే స్ప్లిట్లని చూపించి ఏసీయే వద్దంటే ఎలా? అది డిజైన్ కాదు, ఎవరో షాపుకెళ్లి కొనుక్కొచ్చి తగిలించారు. సరిగ్గా చేస్తే ఫ్రెష్ ఎయిర్‌ని ముందే ఆరబెట్టి లోపలికి పంపుతాం, చల్లారిన గాలిని మళ్లీ కాస్త వేడిచేసే రీహీట్ పెడతాం, హాల్లో కొంచెం పాజిటివ్ ప్రెషర్ ఉంచుతాం, తలుపు తీసినా గాలి బయటికే పోతుంది. 24 గంటలూ నడవాలి, అది నిజం. ఇంకో మాట, నువ్వు ఆగస్టు ఒక్కటే చెప్తున్నావు. రోహిణి కార్తెలో 42 డిగ్రీలు, మధ్యాహ్నం ఆర్‌హెచ్ 20కి దిగితే చెక్క పగలదా, ఏనుగు దంతం చీలదా? అప్పుడు మీ సున్నం గోడ ఏం చేస్తుంది?

సున్నంగోడ:
24 గంటలూ నడవాలి అని నువ్వే అన్నావు, థాంక్స్. రాత్రి షిఫ్ట్‌కి ఆపరేటర్ ఎవరు, కరెంట్ బిల్లు ఏ హెడ్ కింద? చిల్లర్ కొనడానికి గ్రాంట్ ఉంటుంది, నడపడానికి ఉండదు. ఏఎమ్‌సీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) రెన్యువల్ ఆలస్యమై వానాకాలంలో వారం రోజులు ప్లాంట్ ఆగిపోతే లోపలున్న వస్తువు గతి ఏంటి? ఏసీ అలవాటే లేని వస్తువు కంటే అలవాటు చేసి వదిలేసిన వస్తువుకే ఎక్కువ దెబ్బ. రోహిణి కార్తె సంగతి అంటావా, మా మధ్య హాల్లో అంత మందం గోడల వల్ల పగటికీ రాత్రికీ తేడా చాలా తక్కువ, లాగర్ డేటా ఉంది, కావాలంటే పంపిస్తా.

తాపీ సత్తెన్న:
సార్లు జర మా మాట గూడ ఇనుండ్రి. నేను సున్నం పని చేస్త, మా నాయిన గూడ అదే పని. డంగు సున్నం అంటే గానుగల నూరి, బెల్లం, కరక్కాయ నీళ్లు వోసి, దినాల తరబడి నానవెట్టి చేసేది. ఆ గోడ తడి గుంజుకుంటది, ఎండకు ఇడుస్తది. మీ ఏసీ పైపులకు కోర్ కటింగ్ జేస్తరు, తర్వాత ఆ బొక్కల సుట్టు సిమెంట్ వూస్తరు, ఆడికెల్లే మొదలైతది లొల్లి. సిమెంట్ తడిని బయటికి పోనియ్యది, అది పక్కకు మళ్లి సున్నాన్ని తింటది. సారు జెప్పిన ఉప్పు గోడ గూడ గట్లనే అయివుంటది. ఒక్కసారి డ్రెయిన్ పైపు ఏడికెల్లి వోతుందో సూడుండ్రి.

సున్నంగోడ:
సత్తెన్నా కరెక్ట్. డ్రెయిన్ పైపు గోడలోంచే తీశారు, జాయింట్ దగ్గర సన్నగా కారుతోంది, వానాకాలంలో ఏసీ నీళ్లు ఎక్కువ కదా. పైగా కొత్త ప్రపోజల్‌లో ఏహెచ్‌యూలు (గాలిని చల్లబరిచి డక్టుల్లోకి తోసే పెద్ద యూనిట్లు) టెర్రస్ మీద పెడతారట. టేకు దూలాల మీద అంత బరువు, ఆ వైబ్రేషన్! స్ట్రక్చరల్ రిపోర్ట్ అడిగితే "తర్వాత చూద్దాం" అన్నారు.

పాతకాగితం:
నేను కన్సర్వేషన్ వైపు నుంచి, కాగితం, తాళపత్రాలు చూస్తాను. సున్నంగోడ గారూ, మీరు చెప్పిన రంపం గ్రాఫ్ నాకూ భయమే. కానీ "పాత బిల్డింగ్ ఊపిరి తీసుకుంటుంది, అలా వదిలేయండి" అనే మాట విని విని విసిగిపోయా. కిటికీలు తెరిస్తే గాలితో పాటు రోడ్డు దుమ్ము, పొగ, పురుగు, పావురాలు అన్నీ వస్తాయి. ఆర్‌హెచ్ 70 దాటి కొన్ని రోజులు గాలి కదలకుండా ఉంటే కాగితం మీద బూజు వచ్చేస్తుంది, దానికి నిజాం కాలం గోడ అని మర్యాదేం లేదు. నా స్టోర్‌కి మాత్రం 24 గంటల కంట్రోల్ కావాలి, అందులో బేరం లేదు.

మొత్తం బిల్డింగ్‌ని చల్లబరచక్కర్లేదు అన్నది మాత్రం ఒప్పుకుంటా. పబ్లిక్ గార్డెన్స్ స్టేట్ మ్యూజియంలో ఈజిప్ట్ మమ్మీ ఉంది కదా, 2016లో దానికి ఆక్సిజన్ లేకుండా నైట్రోజన్ నింపిన కేస్ చేశారు. వస్తువు చుట్టూ ఉన్న చిన్న గాలిని కాపాడితే హాలంతా ఫ్రిజ్ చెయ్యక్కర్లేదు. మామూలు వాటికి గాలి చొరబడని మంచి కేస్, కింద సిలికా జెల్ ట్రే చాలు, కాకపోతే ఆ జెల్ మార్చేవాడు ఉండాలి, అక్కడే మన దగ్గర తేడా కొడుతుంది.

లీడ్స్ లింగం:
ఇక్కడ ఇంగ్లాండ్‌లో పాత బిల్డింగ్‌లకి ఫెసిలిటీస్ చేస్తాను. ఆ 50 ప్లస్ ఆర్ మైనస్ 5 పట్టుకుని మీ కన్సల్టెంట్ ఇంకా వేలాడుతున్నాడంటే నవ్వొచ్చింది. పెద్ద మ్యూజియంల డైరెక్టర్లదే బిజో గ్రూప్ అని ఉంది, వాళ్ల గ్రీన్ ప్రోటోకాల్‌లో చాలా వస్తువులకి ఆర్‌హెచ్ 40 నుంచి 60, టెంపరేచర్ 16 నుంచి 25, రోజులో ఆర్‌హెచ్ మార్పు 10 దాటకపోతే చాలు అని పెట్టారు. కరెంట్ తగ్గించడానికే.

పాతకాగితం:
లింగం గారూ, 16 నుంచి 25 మీకు చవక, మాకు మే నెలలో 25 అంటే మళ్లీ చిల్లరే కదండీ. మా వస్తువులు వందేళ్లుగా ఇక్కడి వానలకీ ఎండలకీ సర్దుకున్నవి, ఒక్కసారిగా 45కి ఆరబెడితే కొత్త పగుళ్లు వస్తాయి. నంబర్ ఎక్కడినుంచో తెచ్చుకునే ముందు మన హాల్లో ఏడాది పొడుగునా ఏం నడుస్తోందో కొలవాలి.

మణికొండ మామ్:
ఇంజనీర్లు కాని వాళ్లు కూడా ఉన్నారండీ ఇక్కడ 😀 సమ్మర్ హాలిడేస్‌లో పిల్లల్ని తీసుకొస్తే పదిహేను నిమిషాల్లో "అమ్మా పోదాం" అంటారు. మాదైతే కాసేపే, ఆ మూల స్టూల్ మీద యూనిఫామ్ వేసుకుని రోజంతా కూర్చునే సెక్యూరిటీ ఆవిడ సంగతేంటి? వస్తువుకి 22 కావాలా 28 కావాలా అని ఇంతసేపు మాట్లాడారు, ఆవిడకి ఎంత కావాలో ఎవరూ అడగలేదు.

సున్నంగోడ:
మేడం, ఇది నిజంగా నా దగ్గర జవాబు లేని పాయింట్. వరండాకి వట్టివేళ్ల తడకలు, పెద్ద స్లో ఫ్యాన్లు, గార్డులకి రొటేషన్ అని రాశాను, మేలో అవి సరిపోవని నాకూ తెలుసు.
ఇంకో భయం కూడా ఉంది, ఫైర్. 2018 సెప్టెంబర్ 2న బ్రెజిల్‌లో రియో నేషనల్ మ్యూజియం తగలబడింది, దాదాపు 2 కోట్ల వస్తువుల్లో ఎక్కువ భాగం పోయాయి, పోలీస్ దర్యాప్తులో ఆడిటోరియం ఏసీ దగ్గర మొదలైందని తేలింది.

చిల్లర్ మూర్తి:
ఆ కేసు పూర్తిగా చెప్పు అన్నా. ఒక యూనిట్‌కి ఎర్తింగ్ లేదు, ఒక్కో దానికి విడిగా బ్రేకర్ లేదు. పైగా ఫైర్ ఇంజన్లు వస్తే దగ్గర్లో హైడ్రంట్లలో నీళ్ల ప్రెషర్ లేదు. తప్పు ఏసీదా, మెయింటెనెన్స్‌దా?

సున్నంగోడ:
మెయింటెనెన్స్‌కి డబ్బులివ్వని చోట రెండూ ఒకటే మూర్తీ.
సరే, వచ్చే మీటింగ్‌కి నోట్ రాస్తున్నా. స్టోర్‌కీ, కాగితాలున్న ఒక్క గ్యాలరీకీ 24 గంటల సిస్టమ్, డీజిల్ జనరేటర్ బ్యాకప్‌తో. మిగతా అంతా ముందు టెర్రస్ లీకులు, వాన నీళ్ల పైపుల్లో ఆకులు, కోర్ట్‌యార్డ్ వాలు సరిచెయ్యడం. నీళ్లు ఆగితే తేమలో చాలా భాగం పోతుంది.

చిల్లర్ మూర్తి:
ఇది నేను కూడా సంతకం పెడతా. కానీ టెర్రస్ రిపేర్‌కి ఫైల్ పెడితే అది తిరుగుతూనే ఉంటుంది, ఏసీకి అయితే రిబ్బన్ కటింగ్ ఉంది, వెంటనే సాంక్షన్. టెర్రస్ పనిని ఏసీ టెండర్‌లోనే సివిల్ వర్క్ కింద ఇరికించెయ్.

సున్నంగోడ:
ఇరికిస్తే ఎల్‌వన్ (అందరికంటే తక్కువ రేటు) వచ్చినవాడు సబ్ కాంట్రాక్ట్ ఇస్తాడు, వాడొచ్చి టెర్రస్ మొత్తం సిమెంట్ కొట్టి పోతాడు. సత్తెన్న లాంటి వాళ్లు టెండర్‌లో ఎక్కడ కనిపిస్తారు చెప్పు?

తాపీ సత్తెన్న:
సున్నం అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు సారు. సిమెంట్ కలిపితే బిల్లు పాస్ గాదని గూడ రాయుండ్రి. నమూనాకు ముందుగాల ఒక గజం జేసి సూపియ్యుమనుండ్రి, ఒక వానకాలం ఆగి సూసినంకనే మిగిలింది ఇయ్యుండ్రి.

చిల్లర్ మూర్తి:
ఒక వానాకాలం ఆగితే ఈ ఏడాది గ్రాంట్ ల్యాప్స్ అవుతుంది సత్తెన్నా 🤦