మన నెల్లూరు, ప్రకాశం యాసలో ర్యాప్ పాడేవారు ఎవరైనా ఉన్నారా?

మాది కావలి. ఈమధ్య ర్యాప్ తప్ప మరే పాటా చెవికెక్కడం లేదు. 2024లో వచ్చిన హనుమాన్‌కైండ్ ‘బిగ్ డాగ్స్’ అంటే ప్రాణం. వీడియోలో మృత్యుబావి గోడల మీద బండ్లు గిర్రున తిరుగుతుంటే, ఆయన తొణక్కుండా పాడుతూనే ఉంటాడు! కేండ్రిక్ లామార్ ‘నాట్ లైక్ అస్’ కూడా ఆ ఏడాదిదే. 2025లో దానికి ఐదు గ్రామీ సంగీత అవార్డులు వచ్చాయి. నాకు మాత్రం దరువు కన్నా ఆ మాటల విరుపే ఎక్కువ ఇష్టం.

తమిళంలో అరివు తన అమ్మమ్మ బతుకునే పాటలోకి తెచ్చాడు. అది విన్నప్పటి నుంచి ఒకటే ఆరాటం. తెలుగులో రోల్ రైడాను వింటాను, బాగుంటాడు, కానీ ఆయనది హైదరాబాదు. మన రొయ్యల చెరువులు, చీమకుర్తి గ్రానైటు క్వారీలు, కనిగిరి ఫ్లోరైడు నీళ్లు ఎవరి పాటలోనైనా ఉన్నాయా? ఒంగోలు, కందుకూరు, గూడూరు, ఏ ఊరివారైనా సరే. సినిమా పాటలు వద్దు. రికార్డింగు నాసిగా ఉన్నా పరవాలేదు, మాట స్పష్టంగా వినపడితే చాలు.

తెలిసినవారు పాడేవారి పేరు, ముందుగా ఏ పాట వినాలో దయచేసి చెప్పండి.