మెదడులో రక్తస్రావమైతే గుండె పంపింగ్ ఎందుకు తగ్గుతుంది?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
మా పెద్దమ్మకు 58 ఏళ్లు. పోయిన వారం ఉన్నట్టుండి తల పగిలిపోతోందంటూ కూలబడిపోయింది. మెదడు పొరల మధ్య రక్తనాళపు ఉబ్బు పగిలిందని సీటీలో తేలడంతో, వారధి దాటించి విజయవాడ తీసుకువెళ్లి కాయిలింగ్ (ఉబ్బులోకి సన్నని తీగచుట్టలు పంపి మూసే చికిత్స) చేయించాము. అయితే చేరిన రోజే ఈసీజీలో తేడాలున్నాయనీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) పెరిగిందనీ, ఎకోలో ఈఎఫ్ (గుండె ప్రతిసారీ బయటకు పంపే రక్తం వాటా) 35 శాతమే ఉందనీ చెప్పారు. ఆమెకు బీపీ తప్ప గుండెజబ్బు ఏనాడూ లేదు. ఇది గుండెపోటేనా? పంపింగ్ మళ్లీ పెరుగుతుందా?

జవాబు 1 (కార్డియాలజీ వైద్యుడు, గుంటూరు):
రక్తనాళం మూసుకుపోయి వచ్చిన గుండెపోటు కాకపోవచ్చునండి. ఎకోను స్వయంగా చూసినవారే ఆ మాట ఖాయంగా చెప్పగలరు. ఉబ్బు పగిలిన క్షణాన పుర్రెలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు నరాల కొసల నుంచి, అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ జాతి రసాయనాలు విపరీతంగా వెలువడి, గుండె కండర కణాలలో కాల్షియం అదుపు తప్పడం వల్ల కండరం కొంతకాలం మొద్దుబారిపోతుంది. గుండెపోటులో మూసుకున్న నాళం పరిధిలోని గోడే కదలదు. ఇక్కడ కదలిక తగ్గిన చోటు ఏ ఒక్క నాళం హద్దులోనూ ఇమడదు, ఈఎఫ్ అంతగా పడిపోయినా ట్రోపోనిన్ దానికి తగినంత పెరగదు. ఎడమ జఠరిక కొన ఉబ్బి కనిపించే టకోట్సుబో అనే గుండె కండర సమస్య కూడా ఈ కోవలోనిదే. నెలసరి ఆగిన స్త్రీలలో ఎక్కువ. సాధారణంగా కొద్ది రోజుల నుంచి కొన్ని వారాలలో కోలుకుంటుంది.

అంతవరకూ జాగ్రత్త అవసరం. ఈసీజీలో క్యూటీ (గుండె కింది గదులు విద్యుత్‌తో ఉత్తేజితమై తిరిగి సర్దుకునే వ్యవధి) సాగితే ప్రమాదకరంగా లయ తప్పవచ్చు గనుక పొటాషియం, మెగ్నీషియం తరచూ చూస్తుంటారు. రక్తస్రావమైన సుమారు 4వ రోజు నుంచి 14వ రోజు వరకు మెదడు నాళాలు బిగుసుకుపోయే ముప్పుంది. ఆ సమయంలో మెదడుకు రక్తం సరిగా అందాలంటే బీపీ పడిపోకూడదు. గుండె నీరసించి ఉన్నప్పుడు, పైగా మెదడు నాళాల బిగుతు వల్ల కలిగే హానిని తగ్గించడానికి 21 రోజులు ఇచ్చే నిమోడిపిన్ మందు సైతం బీపీని తగ్గిస్తుంది గనుక, దానిని నిలబెట్టడమే ఐసీయూలో అసలు కష్టం.

జవాబు 2 (సత్యనారాయణపురం, విజయవాడ):
మా అమ్మగారికీ ఇలాగే జరిగింది. మొదట చూసినవారు ఈసీజీని బట్టి గుండెపోటేనని రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు ఎక్కించబోయారు. నొప్పి మొదలైంది తలలోనని మా నాన్నగారు పట్టుబట్టడంతో ముందు సీటీ తీయించారు. డిశ్చార్జి నాటికి ఈఎఫ్ మామూలైంది. మొదటి ఈసీజీ కాగితం ఫైలులోనే ఉంచండి, తరువాతి డాక్టర్లు అదే అడుగుతారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషమండి. మరి గుండె మాత్రలు జీవితాంతం వాడాలా?

జవాబు 1:
కొన్ని వారాల తరువాత మళ్లీ ఎకో తీసి, పంపింగ్ నిలకడగా ఉంటే గుండె కోసమిచ్చినవి చాలామందికి క్రమంగా తగ్గిస్తారు. బీపీ మాత్రలు మాత్రం ఎలాగూ కొనసాగించవలసిందే.