అప్‌డేట్: పాపకు ఎస్‌జీఓటీ, ఎల్‌డీహెచ్ ఎందుకు పెరిగాయో తెలిసింది

లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బు) ఉన్న మా 11 ఏళ్ల పాపకు రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎల్‌డీహెచ్ అనే ఎంజైములు బాగా ఎక్కువగా వచ్చాయని, కాలేయం పాడైందేమోనని మూడు వారాల క్రితం అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ కృతజ్ఞతలు.

కాలేయం కాదట. డాక్టరుగారు రిపోర్టులో ఎస్‌జీపీటీ దగ్గర పెన్ను ఆనించి, "ఇది మామూలుగానే ఉంది చూడండమ్మా" అన్నారు. ఎస్‌జీపీటీ కూడా అలాంటి ఎంజైమే, అది ఎక్కువగా కాలేయంలో ఉంటుంది. మిగిలిన రెండూ కండరాల్లోనూ ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటాయి, ఆ కణాలు పగిలితే రక్తంలోకి వచ్చేస్తాయి. కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే మామూలే కాబట్టి కండరాల అనుమానం తీరింది. ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే కూంబ్స్ పరీక్ష మాత్రం పాజిటివ్. ఎర్రకణాలు పగిలినప్పుడు తగ్గే హాప్టోగ్లోబిన్ తక్కువ, హిమోగ్లోబిన్ కూడా తక్కువే, 8.1. అంటే పాప రోగనిరోధక వ్యవస్థే సొంత ఎర్రకణాలకు యాంటీబాడీలు తయారుచేసి వాటిని పగలగొడుతోంది. రక్తంలోని సీ3, సీ4 అనే రోగనిరోధక ప్రోటీన్లు కూడా పడిపోయాయి, లూపస్ ఉద్ధృతంగా ఉన్నప్పుడు అవి ఖర్చయిపోతాయట.

ఎర్రకణాలు పగలడం వల్ల పాప కళ్లలో వచ్చిన లేత పసుపు చూసి కాలేయపు కామెర్లనుకుని మా అత్తయ్యగారు రెండు రోజులు నేలఉసిరి పసరు పట్టించారు. ఆ మాట డాక్టరుగారికి చెప్పడానికి సిగ్గుపడ్డాను, కానీ చెప్పాను. కోప్పడలేదు, ఆపేయమన్నారు.

ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ పాప బరువును బట్టి మొదలుపెట్టారు. లూపస్ మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కొనసాగుతోంది, అది కంటి రెటీనాను దెబ్బతీయవచ్చు కాబట్టి కంటి పరీక్ష కూడా రాశారు. నిన్నటికి హిమోగ్లోబిన్ 9.4, ఎల్‌డీహెచ్ తగ్గుముఖం. మూత్రంలో ప్రోటీన్ లేదు, అంటే కిడ్నీల మీద లూపస్ ప్రభావం కనబడలేదు. స్టెరాయిడ్ వల్ల బుగ్గలు ఉబ్బాయని పాప అద్దం ముందు అలిగి కూర్చుంది.