ఐదేళ్ల పిల్ల చేతికి అసలు సూది, అసలు కత్తెర ఇవ్వొచ్చా? పొయ్యి పక్కన నిలబెట్టొచ్చా?

హన్మకొండ_అమ్మ:

మా పాప యూకేజీ. సెలవు దొరికితే ఇద్దరం కూర్చుని ఏదో ఒకటి చేస్తాం. ఒకసారి కుక్కర్ కేక్, ఒకసారి గోనె గుడ్డ మీద ఉన్ను దారంతో కుట్లు, ఇంకోసారి పాత చీర ముక్కతో బొమ్మకు లంగా. సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు తనూ బట్ట మీద ఓ మూల కూర్చుంటుంది. దీని మీద ఇంట్లో పెద్ద చర్చ. "సూది, కత్తెర పిల్ల చేతికి ఇస్తరా? కంట్ల పొడుసుకుంటే ఎవరు జిమ్మేదారి?" అంటుంది అత్తమ్మ. మా ఆడబిడ్డది వేరే మాట. ఆ టైంలో ఫోనిక్స్ (ఇంగ్లిష్ అక్షరాల శబ్దాలు నేర్పే) క్లాసుకు పంపితే పనికొస్తుందట, అంత సరదాగా ఉంటే ప్లాస్టిక్ కుట్టు కిట్లు బోలెడు దొరుకుతాయట.

నా మటుకు నాకు అసలు వస్తువే ఇవ్వాలని ఉంటుంది. కిట్‌లో రంధ్రాలు ముందే ఉంటాయి, ఎక్కడ గుచ్చాలో గీత కూడా ఉంటుంది. పిల్ల తేల్చుకోవడానికి ఏమీ మిగలదు. అదే గోనె గుడ్డయితే, కింది నుంచి సూది పైకి ఎక్కడ వస్తుందో పాపకు తెలియదు. ఎడమ చేతి వేలితో అడుగున తడుముతుంది, గుడ్డను కిటికీ వైపు ఎత్తి చూస్తుంది, సూది మొన కనిపించగానే "వచ్చింది" అంటుంది. అలా ఒక వరస కుట్టే సరికి అరగంట. ఆ అరగంట తను ఫోన్ అడగలేదు, నన్ను పిలవలేదు. దీన్ని టైం వేస్ట్ అని ఎలా అంటారు? మీ ఇళ్లలో ఏం చేస్తున్నారో చెప్పండి.

నర్సక్క_వరంగల్:

చెల్లే, కుట్టు వరకు నేను అడ్డు చెప్పను. సూది గుచ్చుకుంటే చుక్క రక్తం వస్తుంది, సబ్బుతో కడిగితే సరి. ఐదారేళ్లకు వేసే డీపీటీ బూస్టర్ టీకా (ధనుర్వాతం రాకుండా) వేయించి పెట్టుకో, అంతే.

నా భయమంతా పొయ్యి గురించే. కాలిన పిల్లలను చేర్చుకునే వార్డులో పనిచేసినదాన్ని. పిల్లల చర్మం మనకన్నా పలుచన. అదే వేడి, అంతే సేపు తగిలినా వాళ్లకు లోతుగా కాలుతుంది. "నేను పక్కనే ఉంటాను కదా" అని అందరు తల్లులూ అంటారు. పక్కన ఉన్నప్పటి సంగతి కాదు. పొయ్యి దగ్గర తనకూ ఒక చోటు ఉందని పిల్లకు అలవాటు అవుతుంది చూడు, అదీ ప్రమాదం. నువ్వు బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి వెళ్లినప్పుడు స్టూల్ జరుపుకుని ఎక్కుతుంది.

పైగా కుక్కర్ కేక్ అంటున్నావు. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, ఖాళీ కుక్కర్‌ను పది నిమిషాలు కాచి, ఆ తర్వాత సన్న మంట మీద ముప్పావు గంట ఉంచుతాం. విజిల్ రాదు, ఆవిరి రాదు, పొంగదు. లోపల అంత వేడి ఉందని పిల్లకు తెలిపే గుర్తు ఒక్కటీ లేదు. ఓటీజీ (కరెంటు ఓవెన్) అద్దం తలుపు కూడా అంతే, చూడటానికి చల్లగా ఉన్నట్టే ఉంటుంది.

ఏడెనిమిదేళ్లు నిండేదాకా పిండి కలపడం, గిన్నెలో పోయడం వరకే ఉండనీ. మంట అంటించాక పిల్ల వంటింటి గడప అవతల ఉండాలి. గిన్నెలో మిగిలిన పచ్చి పిండి నాకనివ్వకు. గుడ్డు ఒక్కటే కాదు, పచ్చి మైదాలో కూడా క్రిములు ఉండొచ్చు. ఎప్పుడైనా చెయ్యి కాలితే కుళాయి కింద 20 నిమిషాలు పట్టు. ఐస్, టూత్‌పేస్ట్, పసుపు ఏదీ పూయొద్దు.

కాజీపేట_టైలరక్క:

నేను జాకెట్లు కుట్టి బతికేదాన్ని, సూది సంగతి నేను చెప్తా. మొన సన్నగా ఉన్న సూది ఇస్తే పిల్ల భయపడుతుంది. మొన మొండిగా, కన్ను పెద్దగా ఉండే ఉన్ను దారం సూదులు దొరుకుతాయి, అవి ఇవ్వాలి. దారం మూరెడు మించకూడదు, పొడుగైతే చిక్కు పడి పిల్ల విసుక్కుంటుంది. దారాన్ని సూది కన్ను దగ్గర ఒక ముడి వేయండి. లేకుంటే లాగిన ప్రతిసారీ ఊడి వస్తుంది, ఎక్కించమని మీ దగ్గరికి వస్తుంది, మీకూ విసుగే. గోనె గుడ్డ మంచి ఎంపిక. అంచులు పోగులు రాకుండా ముందు మీరు చుట్టూ కుట్టేసి ఇవ్వండి.

కత్తెర విషయంలో మాత్రం అందరూ తప్పు దారిలో పోతారు. పదును లేని బొమ్మ కత్తెర భద్రం అనుకుంటారు. అది గుడ్డను కోయదు, నములుతుంది. పిల్ల ఇంకా గట్టిగా నొక్కుతుంది, అప్పుడే జారి వేలి మీదికి వస్తుంది. కొస గుండ్రంగా, అంచు పదునుగా ఉన్న చిన్న కత్తెర కొనండి. కూర్చున్నప్పుడే వాడాలి, పని అయ్యాక డబ్బాలో మీ చేతికే రావాలి.

మిషన్ జోలికి మాత్రం వద్దు. మోటార్ మిషన్ అసలే వద్దు. వేలు సూది కిందికి పోయాక కాలు తీసే తెలివి పెద్దవాళ్లకే ఉండదు.

కరీంనగర్_జాబ్_అమ్మ:

నేను ఈ మొత్తం ఆలోచనతోనే ఒప్పుకోను. మీరందరూ ఎలా చేయాలో చెప్తున్నారు, ఎవరు చేయాలో ఎవరూ అడగడం లేదు. పొద్దున ఏడున్నరకు ఇల్లు వదిలి రాత్రి ఏడింటికి వచ్చే నాలాంటి వాళ్లు ఉన్నారు. ఆదివారం వారం బట్టలు, వారం కూరగాయలు. ఆ మధ్యలో పాపతో కేక్ చేయాలి, చిందిన పిండి తుడవాలి. పాపతో కలిసి చేసే ఆటలో ఆట పాపది, పని మొత్తం అమ్మది. ఇప్పుడు వీడియోల్లో ప్రతి అమ్మా అన్నీ చేస్తున్నట్టు కనిపిస్తుంది. చేయలేనివాళ్లకు "నా పిల్లకు నేను ఏమీ ఇవ్వడం లేదు" అని కొత్త టెన్షన్.

ఫోనిక్స్ క్లాసును అంత తేలిగ్గా తీసిపారేయకండి. మా ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు లేరు. బడిలో మిగతా పిల్లల ముందు మా పాప వెనకబడకూడదని క్లాసుకు పంపుతున్నాను. అమ్మమ్మ, నానమ్మ దగ్గర లేని ఇంట్లో రెండూ కుదరవు. ఒకటి ఎంచుకోవాలి, నేను ఎంచుకున్నాను.

కొత్తవాడ_పెద్దాయన:

అమ్మా, మీ మాటలన్నీ చదివాను. నేను మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. మా వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (ఫలానా ఊరి సరుకు అనే) గుర్తింపు వచ్చిందని అందరూ సంతోషపడ్డారు, నేనూ పడ్డాను. కానీ నా ఐదారేళ్ల వయసు గుర్తొస్తే నేతకు దారం కండెలు చుట్టడమే కళ్ల ముందుకు వస్తుంది. బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చోవాలి. కండె సరిగా చుట్టకపోతే బాపుకు మగ్గం మీద పోగు తెగుతుంది, ఆ రోజు కూలి తగ్గుతుంది. నా చేతులు బాగా నేర్చుకున్నాయి, అందులో అబద్ధం లేదు. కానీ నన్ను ఎవరూ "చేస్తావా?" అని అడగలేదు.

కాబట్టి పిల్లలకు చేతిపని మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న నాకు సగమే అనిపిస్తుంది. పిల్ల మధ్యలో లేచి వెళ్లిపోతే మీరేం చేస్తారు? అది చెప్పండి ముందు. "మొదలుపెట్టావు కదా, పూర్తి చెయ్" అంటే అది మా ఇంటి రాట్నమే. ఫోటో పెట్టడం కోసం ఇంకోసారి నవ్వుతూ పిండి కలపమంటే అది కూడా పనే. ఒకప్పుడు కూలి కోసం, ఇప్పుడు లైకుల కోసం.

అంగన్‌వాడీ_టీచర్_జనగామ:

పెద్దాయన మాట నాకు మనసుకు తగిలింది. అయినా ఒక సంగతి చెప్పాలి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అంది. 2022లో ఆ దశకు విడిగా పాఠ్య ప్రణాళిక చట్రం వచ్చింది. అందులో ఆటకు, చేతులతో చేసే పనికి పెద్ద చోటు ఇచ్చారు. ఎందుకంటే పెన్సిల్ పట్టేది బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. ఆ మూడింటికీ బలం రాకుండా నోటు పుస్తకం ఇస్తే పిల్ల పిడికిలితో పట్టుకుని రాస్తుంది, రెండు లైన్లకే చెయ్యి నొప్పి అంటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇంట్లో పిండి పిసికి, పూలు గుచ్చి, చిక్కుడుకాయ ఈనెలు తీసిన పిల్లలను ఇట్టే గుర్తుపడతాను.

కరీంనగర్ చెల్లెకు ఒక మాట. దీనికి విడిగా ఆదివారం అక్కర్లేదమ్మా. చపాతీ పిండిలో ఒక ముద్ద ఇస్తే చాలు. మన పండుగల్లోనే పిల్లల వాటా ఉంది. బొడ్డెమ్మ అసలు ఆడపిల్లలదే కదా, పీట మీద పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా వాళ్లే పేర్చేవారు. ఏడో రోజు వేపకాయల బతుకమ్మకు బియ్యప్పిండి ముద్దను వేపకాయంత చేసి నూనెలో వేస్తాం. ఆ కాయలు చేయడానికి ఐదేళ్ల వేళ్లు సరిగ్గా సరిపోతాయి. నూనె దగ్గరికి మాత్రం రానివ్వొద్దు, నర్సక్క మాటే నా మాట.

నాకు కోపం వచ్చేది వేరే చోట. బడిలో బతుకమ్మ పోటీ పెడతారు. గునుగు పూలకు రంగులు అద్ది, తంగేడు వరస, బంతి వరస పొల్లు పోకుండా పేర్చి, పైన గౌరమ్మను పెట్టి తెస్తారు. పిల్ల పక్కన నిలబడి ఫోటో దిగుతుంది. ఆ తాంబాలంలో పిల్ల పెట్టిన పువ్వు ఒక్కటి ఉండదు. వంకరగా పేర్చిన పిల్ల బతుకమ్మను తెచ్చిన అమ్మాయికి బహుమతి రాదు. రెండేళ్లు ఇలా జరిగితే ఆ పిల్ల "నాకు రాదు, నువ్వే చెయ్ మమ్మీ" అంటుంది. సూది వల్ల పిల్లకు జరిగే నష్టం కన్నా పిల్ల పనిని మనం దిద్దడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది.

చేతిపని చదువుకు అడ్డు అనేవాళ్లకు ఒకటే చెప్తాను. 1937లో వార్ధాలో గాంధీజీ పెట్టిన నయీ తాలీం (కొత్త చదువు) ఆలోచనకు చేతిపనే పునాది.

కొత్తవాడ_పెద్దాయన:

టీచరమ్మా, నయీ తాలీంలో ఇంకో మాట కూడా ఉంది. పిల్లలు తయారు చేసిన వస్తువుల మీద వచ్చే డబ్బుతో బడి ఖర్చు వెళ్లాలని గాంధీజీ అనుకున్నారు. బడి కార్ఖానా అవుతుందని అప్పట్లోనే అభ్యంతరం చెప్పినవాళ్లు ఉన్నారు. వాళ్లది అన్యాయమైన భయం కాదు. పిల్లల చేతిపనికి ధర పెట్టినా, మార్కులు పెట్టినా ఒకటే. పిల్ల బతుకమ్మను దిద్దొద్దన్నారు చూడండి, ఆ మాట దగ్గర మాత్రం నేను మీ పక్కనే ఉంటాను.

జగిత్యాల_నాన్న:

కరీంనగర్ మేడం "ఎవరు చేయాలి" అన్నారు. మా ఇంట్లో నేను చేస్తాను. మా బాబుకు నాలుగున్నర ఏళ్లు. వాడికి కుట్టు నేర్పుతుంటే మా అమ్మ "మగపిలగానికి సూదేంది?" అంటుంది. మా ఊళ్లో టైలర్లలో మగవాళ్లు ఎంతమందో లెక్కపెట్టమన్నాను. గుండీ ఊడితే వాడే కుట్టుకోవాలి, దానికి ఆడా మగా ఏముంది?

టైలరక్కా, ఒక సందేహం. మావాడిది ఎడమ చేయి. మీరు చెప్పినట్టు పదునున్న కత్తెరే కొన్నాను. కాగితం తెగదు, రెండు అంచుల మధ్య మడత పడుతుంది. వాడు ఏడ్చి పారేస్తున్నాడు. కుడి చేత్తో అలవాటు చేయాలా?

కాజీపేట_టైలరక్క:

వద్దు తమ్ముడూ, చెయ్యి మార్చకండి. కత్తెర మార్చండి. మామూలు కత్తెర కుడి చేతికి చేసింది. కుడి చేత్తో నొక్కితే రెండు అంచులు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. ఎడమ చేత్తో నొక్కితే అవే అంచులు విడిపోతాయి, మధ్యలో కాగితం మడత పడుతుంది. ఎడమచేతి వాళ్లకని అంచులు తిరగేసి చేసిన కత్తెరలు ఉంటాయి. అడిగి తెప్పించండి. బాబుది ఏ తప్పూ లేదని వాడికి చెప్పండి.

హన్మకొండ_అమ్మ:

అందరికీ థాంక్స్. నర్సక్క చెప్పింది ఈరోజే ఇంట్లో పెట్టేశాను. మంట అంటించాక గడప అవతలే. పాపకు కోపం వచ్చింది. అయితే మంట లేకుండా చేసేవి ఎన్నో ఉన్నాయి. పెరుగులో వంటసోడా వేస్తే బుస్సుమని పొంగడం చూపించాను. పెరుగులో పులుపు ఉంది కాబట్టి పొంగింది, నీళ్లలో వేస్తే అలా పొంగదు. రెండు గిన్నెల్లో వేసి తనే తేడా చూసుకుంది. కేక్ పిండి కలిపాక ఆలస్యం చేయకుండా ఎందుకు పొయ్యి మీద పెట్టాలో తనకు చెప్పడం తేలికైంది.

పెద్దాయనా, మీ ప్రశ్నకు జవాబు. మధ్యలో లేచి వెళ్లిపోతే వెళ్లనిస్తాను. సగం కుట్టిన గోనె గుడ్డలు మా ఇంట్లో ఓ సంచి నిండా ఉన్నాయి. ఫోటోలు మాత్రం ఇప్పటిదాకా పెడుతున్నాను. మీ మాట చదివాక పాపను అడిగాను. సకినాల ఫోటో పెట్టమంది, బొమ్మ లంగాది వద్దంది. ఇకనుంచి అలాగే.

కరీంనగర్ అక్కా, మీ మాట కొట్టిపారేయలేను. నాకు ఇంట్లో అత్తమ్మ సాయం ఉంది కాబట్టి ఇది సాగుతోంది. కానీ ఫోనిక్స్ విషయంలో మీతో ఒప్పుకోలేను. ఐదేళ్లకు రాని ఇంగ్లిష్ ఎనిమిదేళ్లకు వస్తుంది.

కరీంనగర్_జాబ్_అమ్మ:

మీ ఇంట్లో రావచ్చు చెల్లే. ఎనిమిదేళ్లకు నేర్పే బడి మా దగ్గర లేదు, ఫీజు కట్టే ధైర్యమూ అప్పుడు ఉంటుందో లేదో. క్లాసు మాన్పించను. చపాతీ పిండి ముద్ద మాత్రం రేపటి నుంచి ఇస్తాను. తుడిచే పని వాళ్ల నాన్నకు అప్పచెప్తున్నాను.